పాత లేత్ కొనడానికి వెళ్తే సంచిలో ఏముండాలి

2022 వేసవిలో పాత లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మెషీన్) కోసం తిరిగిన మూడు నెలల పాటు నా స్కూటీ డిక్కీలో ఒక గుడ్డ సంచి ఉండేది. సన్నటి కదలికను ముల్లుతో చూపించే డయల్ గేజ్, దానికి మాగ్నెటిక్ స్టాండు, మందం కొలిచే మైక్రోమీటర్లు రెండు, టార్చి, పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం, రాడ్డును అడ్డంగా తెంపే 3 మిల్లీమీటర్ల పార్టింగ్ బ్లేడు, అడుగున్నర పొడవున్న 40 డయా (40 మిల్లీమీటర్ల లావు) ఎస్‌ఎస్ 304, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్డు. రాడ్డు ఒక్కటే నాలుగున్నర కిలోలు. ఒకసారి కూకట్‌పల్లిలో పోలీసులు ఆపి డిక్కీ తీయమంటే, ఆ రాడ్డు ఎందుకో చెప్పేసరికి తాతలు దిగొచ్చారు. అయినా దాన్ని ఇంట్లో పెట్టి బయల్దేరిన రోజు లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

బాలానగర్‌లో పదమూడేళ్లు పనిచేశాను. మొదట టర్నర్‌గా (లేత్ నడిపేవాడిగా), చివరి నాలుగేళ్లు సూపర్‌వైజర్‌గా. ఆ ఏరియా తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, 1968లో సీఐటీడీ (టూల్ డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వచ్చిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో టూల్ పని అంటే ముందు బాలానగర్ పేరే వస్తుంది. మా కంపెనీకి పెద్ద ఆర్డర్లే కావాలి. ఫార్మా ప్లాంట్ల మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి "పన్నెండు బుష్‌లు కావాలి, ఇరవై పిన్నులు కావాలి" అంటే మా సార్ టీ ఇచ్చి పంపేసేవారు. అలా వెనక్కి పోయినవాళ్ల నంబర్లు నా ఫోన్లో ఒక్కొక్కటే చేరాయి. పది నుంచి ఎనభై ముక్కల చిన్న పనులు, మా భాషలో జాబులు. ఎక్కువగా ఎస్‌ఎస్ 304, అప్పుడప్పుడు 316, కొంచెం ఈఎన్8 ఉక్కు, కొంచెం టెఫ్లాన్. వీటి మీద బతకొచ్చనిపించి జీడిమెట్లలో ఆరు వందల చదరపు అడుగుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. చేతిలో ఉన్నది పది లక్షలు. అందులో మూడు మా ఆవిడ బంగారం మీద తెచ్చినవి.

కొత్త మెషీన్ల కొటేషన్లు తెప్పించాను. అప్పట్లో ఆ డబ్బుకు రాజ్‌కోట్‌లో చేసే కొత్త లేత్ వచ్చేది, మిల్లింగ్ మెషీన్ (తిరిగే కట్టర్‌తో కోసేది) కూడా ఒకటి వచ్చేది. కానీ ఆ రేంజిలో దొరికే కొత్త లేత్‌ల మీద ఎస్‌ఎస్ కోసి చూసినవాణ్ణి. బెడ్ (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి పోత ఇనుప దిమ్మ) తేలిక, లోతుగా కట్ ఇస్తే వణుకుతుంది. ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) అయితే పర్లేదు. ఎస్‌ఎస్ 304 గుణం వేరు. టూల్ కోయకుండా రుద్దిందంటే పైపొర అక్కడికక్కడే గట్టిపడిపోతుంది, ఆ తర్వాతి కట్‌కు అంచు పోతుంది. మెషీన్ బిగువుగా ఉండి, టూల్ ఆ పొర కిందికి దిగి కోయాలి. అందుకే పాతదైనా బరువైనదే కావాలనుకున్నాను. హెచ్‌ఎంటీ ఎన్‌హెచ్22, లేదంటే మంచి స్థితిలో ఉన్న కిర్లోస్కర్ టర్న్‌మాస్టర్. ఎన్‌హెచ్22లో ఆ 22 అంటే సెంటర్ ఎత్తు, బెడ్ నుంచి ముక్క తిరిగే మధ్యగీత దాకా, 220 మిల్లీమీటర్లు. మెషీన్ రెండు టన్నుల పైనే తూగుతుంది. మా జాబులన్నీ అరచేతిలో పట్టేవే, అంత మెషీన్ దేనికని అడిగినవాళ్లున్నారు. సైజు కోసం కాదు, బరువు కోసం.

ముందు నా కళ్లు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషీన్) మీద పడ్డాయి, దాచేదేముంది. చర్లపల్లిలో ఒక 2007 మోడల్ టర్నింగ్ సెంటర్ (సీఎన్‌సీ లేతే), ఐదున్నర లక్షలు చెప్పారు. ధర చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్తే మెషీన్ ఎనిమిది నెలలుగా పవర్ లేకుండా పడుంది. ఆన్ చేశారు. స్క్రీన్ నిండా ఎర్ర అలారాలు. "బ్యాటరీ డౌన్ అయింది సార్, ఒక బ్యాటరీ వేస్తే చాలు" అన్నాడు బ్రోకర్. కంట్రోలర్‌లో మెమరీని కాపాడేది ఆ చిన్న బ్యాటరీయే. మెషీన్ ఆపేసి ఉన్నప్పుడు అది చచ్చిపోతే పారామీటర్లన్నీ, అంటే మెషీన్ సెట్టింగులన్నీ, ఎగిరిపోతాయి. బ్యాకప్ ఉంటే తిరిగి ఎక్కించుకోవచ్చు. బ్యాకప్ ఉందా అని అడిగితే బ్రోకర్ నన్ను ఎగాదిగా చూశాడు. పైగా దానికి స్టెబిలైజర్ కావాలి, నా షెడ్డులో ఉన్నది 10 హెచ్‌పీ కనెక్షన్. మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ డ్రైవ్ ఒక్కటి పోయిందంటే మూడు నెలల సంపాదన దానికే పోతుంది. సీఎన్‌సీ వద్దని నేననను. నడుస్తున్న షాపులో రోజూ తిరుగుతున్న మెషీన్ అయితే, సర్వీస్ వాళ్ల నంబర్ చేతిలో ఉంటే, పాతదైనా తీసుకోవచ్చు. నాకు అప్పుడు ఆ రెండూ లేవు.

ఆ తర్వాత మా ఉస్తాద్‌ను వెంటేసుకుని తిరగడం మొదలుపెట్టాను. నాకు లేత్ నేర్పిన మనిషి. డెబ్భై దాటాయి, చూపు మందగించింది, వేళ్లు మాత్రం మైక్రోమీటర్ లాగే పనిచేస్తాయి.

మేడ్చల్ దారిలో ఒక గోడౌన్‌కు వెళ్లాం. వరుసగా పదిహేను లేత్‌లు, అన్నీ ఆకుపచ్చ పెయింట్‌తో నిగనిగలాడుతున్నాయి. ఒకదాని మీద హెచ్‌ఎంటీ ప్లేటు. మూడు లక్షల పదివేలు. నేను చక్ (ముక్కను దవడలతో పట్టుకునేది) తిప్పి చూస్తుంటే ఉస్తాద్ హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్ల పెట్టె) మీద గోరుతో గీకాడు. పెయింట్ కింద పుట్టీ, పుట్టీ కింద మళ్లీ పుట్టీ. తర్వాత ప్లేటు దగ్గర కళ్లద్దాలు పైకెత్తి చూసి నన్ను పిలిచాడు. ప్లేటుకు కొట్టిన రివెట్లు కొత్తవి, మిలమిలా మెరుస్తున్నాయి. దాని చుట్టూ పాత ప్లేటు రంధ్రాలు పుట్టీతో మూసి ఉన్నాయి, అవి వేరే కొలతలో ఉన్నాయి. స్పీడ్ లివర్లు కూడా నాకు తెలిసిన ఎన్‌హెచ్22కు ఉండే చోట లేవు.

"ఏం రా, పెయింట్ జూసి పెండ్లి జేస్కుంటవా?" అన్నాడు నాతో. గోడౌన్ సేఠ్ వింటూనే ఉన్నాడు. ఏమీ అనలేదు, మాకు చాయ్ తెప్పించాడు.

ఆ రోజు నుంచి కొత్త పెయింట్ ఉన్న మెషీన్‌ను చూడ్డం మానేశాను. గ్రీజు, మురికి పట్టిన మెషీన్ నిజం చెప్తుంది. అసలు ట్రేడర్ల దగ్గర కన్నా నడుస్తున్న షాపులోనో, మూసేస్తున్న షాపులోనో చూడ్డం మేలని కూడా అప్పుడే అర్థమైంది. ప్రభుత్వ కంపెనీల పాత మెషీన్లు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ పెట్టే ఆన్‌లైన్ వేలంలో వస్తాయని విని అదీ చూశాను. ఎక్కడుందో అక్కడ, ఎలా ఉందో అలా తీసుకెళ్లాలి. నేను చూసిన లాట్‌లో లేత్‌తో పాటు తుప్పు పట్టిన అల్మారాలు, కేబుల్ ముక్కలు కలిపి కట్టేశారు, మెషీన్‌కు పవర్ లేదు. తిప్పి చూడకుండా కొనే ధైర్యం నాకు లేదు.

నా లేత్ పటాన్‌చెరులో దొరికింది. వాల్వులు చేసే చిన్న ఫ్యాక్టరీ, పెద్దాయన అమ్మేస్తున్నారు. పిల్లలు డల్లాస్‌లో. లేత్ పక్కన గోడకు ఒక నోట్‌బుక్కు వేలాడుతోంది, హెడ్‌స్టాక్ ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో తేదీలు వేసి ఉన్నాయి. మెషీన్ నల్లగా, జిడ్డుగా ఉంది. అది చూడగానే ఉస్తాద్ ముఖంలో మార్పు వచ్చింది, అక్కడున్న స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

మొదట బెడ్. చక్‌కు దగ్గర్లో, సాడిల్ (టూల్‌ను మోసుకుంటూ బెడ్ మీద జరిగే భాగం) రోజంతా తిరిగే చోట బెడ్ ఎక్కువ అరుగుతుంది. అటు పక్క టెయిల్‌స్టాక్ (రాడ్డు రెండో కొసకు ఆధారమిచ్చేది) చివర పెద్దగా అరగదు. సాడిల్ తాకే పట్టీ ఎక్కడ ముగుస్తుందో, దాని అంచు మీద గోరు అడ్డంగా లాగితే అరిగిన లోతు చిన్న మెట్టులా తగులుతుంది. గోడౌన్‌లో చూసిన వాటిలో రెండింటికి గోరు ఆగిపోయింది. ఇక్కడ సన్నగా తగిలీ తగలనట్టు ఉంది. ఆ తర్వాత సాడిల్‌ను చక్ దగ్గరకు తెచ్చి, లాక్ బోల్టును కదలడానికి కాస్త బరువయ్యేంత బిగించి, టెయిల్‌స్టాక్ వైపు చేత్తో తిప్పుకుంటూ పోయాను. చివర్లో బిగుసుకుపోతే చక్ దగ్గర బెడ్ అరిగిపోయినట్టు. ఇది చివర్లో కొంచెం బరువెక్కింది, ఆగలేదు.

తర్వాత స్పిండిల్, అంటే చక్‌ను తిప్పే ఇరుసు. చక్ విప్పించి, ముక్కు మీద డయల్ పెట్టి చేత్తో తిప్పితే ముల్లు ఒక గీత కూడా దాటలేదు. మళ్లీ చక్ పెట్టి, దాని కింద కర్ర దూర్చి పైకి లేపితే రెండు గీతలు కదిలి వెనక్కి వచ్చింది, అంటే 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇంతకు ముందు ఒక మెషీన్‌లో ఇదే పరీక్షకు తొమ్మిది గీతలు కదిలింది. ఆ తర్వాత టాప్ స్పీడులో అరగంట ఉత్తగా తిప్పించాం. మధ్యలో పెద్దాయన ఇంటి నుంచి మజ్జిగ వచ్చింది. అరగంట తర్వాత హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఆపి, డ్రెయిన్ ప్లగ్ దగ్గర కొంచెం ఆయిల్ పట్టి, అందులో అయస్కాంతం ముంచాను. కొంచెం నల్లని పొడి అంటింది, ముక్కలేం లేవు. అన్ని స్పీడుల్లోనూ గేర్లు వేసి విన్నాం. ఒక స్పీడులో మాత్రం లయగా టక్ టక్ మంటోంది. పంటి అంచు విరిగిందని ఉస్తాద్ అన్నాడు. ఆ స్పీడు నాకు పెద్దగా పనికిరాదు, బేరానికి మాత్రం పనికొచ్చింది.

క్రాస్ స్లైడ్ (టూల్‌ను ముక్క వైపు జరిపేది) హ్యాండిల్‌లో పావు చుట్టు ఆట, అంటే ఖాళీగా తిరిగే వదులు, ఉంది. కొత్తగా కొనేవాళ్లు చాలామంది దీన్ని చూసి భయపడి మంచి మెషీన్ వదిలేస్తారు. స్క్రూ, నట్ అరిగితే గన్‌మెటల్ నట్ వేయించుకోవచ్చు. బేరింగులు, బెల్టులు, మోటార్ అన్నీ డబ్బు పెడితే మారతాయి. బెడ్ అరిగితే గ్రైండింగుకు పంపాలి, దాని తర్వాత సాడిల్ అడుగు సరిచేయాలి, లీడ్ స్క్రూ ఎత్తు సరిచూడాలి. ఆ ఖర్చు పాత మెషీన్ ధరను మింగేస్తుంది.

ఇప్పుడు సంచిలోంచి ఎస్‌ఎస్ రాడ్డు తీశాను. అమ్మేవాళ్లు చూపించడానికి ఎప్పుడూ ఎంఎస్ ముక్కో, అల్యూమినియం ముక్కో దగ్గర పెట్టుకుంటారు. వాటి మీద ఏ లేతైనా అందంగానే కోస్తుంది. నేను చూసిన ఒక షాపులో ఎంఎస్ మీద అద్దంలా ఫినిషింగ్ ఇచ్చిన మెషీన్, నా 304 మీద పార్టింగ్ బ్లేడు దింపగానే షెడ్డు అదిరేలా కీచుమంది. పదడుగుల దూరంలో పనిచేస్తున్న కుర్రాడు కూడా తిరిగి చూశాడు.

పార్టింగ్‌ను మించిన పరీక్ష నాకు తెలియదు. సన్నటి బ్లేడు, నేరుగా లోపలికి. స్పిండిల్‌లో ఆట ఉన్నా, క్రాస్ స్లైడ్ గిబ్ (స్లైడ్‌ను బిగువుగా ఉంచే పట్టీ) వదులైనా, సాడిల్ లేచినా అన్నీ అక్కడ బయటపడతాయి. నిమిషానికి 150 చుట్లకు దగ్గర్లో ఉన్న స్పీడు వేసి, కూలెంట్ వదిలి బ్లేడు దించాను. మొదటి రెండు మిల్లీమీటర్లు సన్నగా కీచుమంది. ఉస్తాద్ లేచి వచ్చి గిబ్ స్క్రూ ఒకటి అలెన్ కీతో పిసరంత తిప్పాడు. కీచు ఆగింది. చిప్ వాచీ స్ప్రింగులా చుట్టుకుంటూ వస్తోంది. నేను ఫీడ్ ఆపలేదు. 40 డయా కోసుకుంటూ పోయి ముక్క ట్రేలో పడ్డప్పుడు పెద్దాయనే ముందు దాన్ని తీసి, వేడికి అటూ ఇటూ చేతులు మార్చుకుంటూ ముఖం చూశారు. "నా చేత్తో కోసి పదేళ్లయింది బాబూ" అన్నారు.

చెప్పిన ధర నాలుగు లక్షల ఇరవై వేలు. ఉస్తాద్ లెక్క వేరు. మెషీన్ బరువుకు తుక్కు ధర కడితేనే అప్పటికి ఎనభై వేలు దాటుతుంది, దానికన్నా కిందికి ఎవరూ రారు. అక్కడి నుంచి పైకి లెక్క కట్టాలంటాడు. విరిగిన గేరు, అరిగిన నట్, మూతి వెడల్పైన త్రీ జా (మూడు దవడల) చక్ ఇవన్నీ చెప్పి మూడు లక్షల ముప్ఫై ఐదు వేల దగ్గర తెగింది. ధర కన్నా నేను ఎక్కువ పట్టుపట్టింది సామాన్ల కోసం. ఫోర్ జా చక్, ఫేస్ ప్లేటు, పొడవాటి రాడ్డు ఊగకుండా ఆపే స్టెడీలు రెండు, డ్రిల్ చక్, ఒక పెట్టె నిండా టూల్ హోల్డర్లు. విడిగా కొనాలంటే వీటికి అప్పట్లో లక్ష అయ్యేది. "వాడు లోడ్ చేసేటప్పుడే పెట్టించుకో, రేపొచ్చి తీసుకుంటానంటే పోయినట్టే" అన్నది నా పాత అనుభవం, పెద్దాయన విషయంలో అది అనవసరపు అనుమానమే అయింది. ఆయన బేరంలోకి రాని సామాను కూడా వెతికించి ఇచ్చారు. బిల్లుతోనే కొన్నాను. బిల్లు లేకుండా ఇస్తామన్నవాళ్లు చాలామందే తగిలారు. లేత్ మీద జీఎస్‌టీ 18 శాతం, రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ కింద, మనం కట్టాల్సిన పన్నులో తగ్గి, వెనక్కి వస్తుంది. అప్పటికి ఆ డబ్బు మన జేబులోంచే పోతుంది, అది లెక్కలో పెట్టుకోవాలి.

అసలు తప్పు నేను చేసింది దించేటప్పుడు. పటాన్‌చెరులో పెద్దాయన మనుషులు సాడిల్‌ను టెయిల్‌స్టాక్ వైపు జరిపి, బరువు సరిచూసి, బెడ్ కింద నుంచి బెల్టులు వేసి, చెక్క దిమ్మలు పెట్టి హైడ్రా క్రేన్‌తో నీటుగా డీసీఎం లారీలోకి ఎక్కించారు. జీడిమెట్లకు వచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఇక్కడి హైడ్రా డ్రైవర్‌కు ఇంకో చోటికి వెళ్లాలి. వాన చినుకులు. నేను బ్యాటరీ లైటు పట్టుకుని "కానీ కానీ" అంటున్నాను. బెల్టు ఒకటి బెడ్ కింద కాకుండా ఫీడ్ షాఫ్ట్ (సాడిల్‌ను ఆటోమేటిక్‌గా నడిపే పొడవాటి కడ్డీ) మీదుగా పోయిందని ఎవరం చూడలేదు. మెషీన్ గాల్లోకి లేచి, బెల్టు బిగుసుకుని, షాఫ్ట్ విల్లులా వంగడం నా లైటు వెలుగులోనే చూశాను. ఆపమని అరిచేసరికి ఆలస్యమైపోయింది. మూడు నెలలు గోరుతో గీకి చూసి కొన్న మెషీన్‌ను మూడు నిమిషాల్లో నేనే వంచాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు షాఫ్ట్ విప్పి, వీ బ్లాకుల మీద పెట్టి, డయల్ చూసుకుంటూ హ్యాండ్ ప్రెస్‌తో సరిచేశాను. ఒక రోజు పట్టింది. పూర్తిగా రాలేదు.

తర్వాత రెండో భయం. మెషీన్ పెట్టి, వైరింగ్ చేసి, 50 డయా ఈఎన్8 రాడ్డు చక్‌లో పట్టి, అటు చివర సపోర్టు లేకుండా, 150 మిల్లీమీటర్ల దూరంలో రెండు కాలర్లు (రాడ్డు చుట్టూ సన్నటి పట్టీలు) ఒకే సెట్టింగులో కోశాను. చక్ దగ్గర 49.62 వచ్చింది, బయటి చివర 49.66. నలభై మైక్రాన్ల టేపర్, అంటే ఒక కొస కన్నా ఇంకో కొస లావు! నా జాబులకు అది పనికిరాదు. స్పిండిల్ పోయింది, నన్ను మోసం చేశారు అనుకున్నాను. ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు, "లెవల్ పెట్టినవా?"

పెట్టలేదు. రెండు టన్నుల పోత ఇనుము కదా, బెడ్ ఎక్కడ వంగుతుందిలే అనుకున్నాను. పాత కంపెనీలో స్నేహితుణ్ణి అడిగి, మీటరుకు 0.02 చూపించే లెవల్ తెచ్చాను. చక్ దగ్గర బెడ్ మీద అడ్డంగా పెట్టి సరిచేసి, టెయిల్‌స్టాక్ చివర పెడితే గాలి బుడగ ఒక పక్కకు పోయి ఆగింది. ఆ చివర ముందు కాలు దిగి ఉంది. బెడ్ మెలి తిరిగి, టూల్ ఆ చివరకు వెళ్లే కొద్దీ జాబ్ నుంచి వెనక్కి జరుగుతోంది, అందుకే బయటి కాలర్ లావు. ముందు కాలు బోల్టు పావు చుట్టు, మళ్లీ లెవల్, మళ్లీ కొంచెం. మూడు గంటల తర్వాత కాలర్ల తేడా 8 మైక్రాన్లకు వచ్చింది. అప్పుడు తట్టింది, కొనడానికి తిరిగిన మూడు నెలల్లో టేపర్ చూసి ఒక టర్న్‌మాస్టర్‌ను వద్దనుకున్నాను. అది ఎగుడుదిగుడు నేల మీద ఇటుకల మీద నిలబడి ఉంది. పాపం, దాని తప్పేం లేదేమో.

మిల్లింగ్ కథ చిన్నదే. కుషాయిగూడలో షాపు మారుస్తున్న ఒకాయన దగ్గర రెండు లక్షల ఎనభై వేలకు టరెట్ మిల్లింగ్ తీసుకున్నాను. టూల్ హోల్డర్ కూర్చునే గుంత ఐఎస్‌ఓ 40 కొలతలో ఉందా అన్నది చూసుకున్నాను, హోల్డర్లు సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో దొరకాలి కదా. టేబుల్ మీద డ్రిల్ దిగిన గాయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను, ఆ షాపులో మనుషులు మెషీన్‌ను ఎలా చూశారో అవి చెప్తాయి. స్క్రూల్లో ఆట ఉంది. దానికి ముప్ఫై ఆరు వేలు పెట్టి మూడు వైపుల కదలికనూ స్కేళ్లతో చదివి అంకెల్లో చూపించే డీఆర్‌ఓ (డిజిటల్ రీడౌట్) బిగించాను. స్కేలు టేబుల్ నిజంగా ఎక్కడుందో చదువుతుంది కాబట్టి హ్యాండిల్ ఆటతో కొలతకు పనిలేదు. కట్ తీసేటప్పుడు మిగతా స్లైడ్లు లాక్ చేయాలి, అంతే. మొత్తం మీద నేను పెట్టిన ఖర్చుల్లో రూపాయికి రూపాయి గిట్టింది ఇదే.

డీసీఎంలు, హైడ్రాలకు ముప్ఫై నాలుగు వేలు, వైరింగు, అదనపు లోడు నలభై రెండు వేలు, చక్, వైస్, ఈఆర్32 కోలెట్లు, ఇన్సర్ట్‌లు, కొలత సామాన్లు లక్షా నలభై వేలు. డీఆర్‌ఓతో కలిపితే రెండున్నర లక్షలు. మెషీన్లకు పెట్టింది ఆరు లక్షల పదిహేను వేలు, అంటే వందకు నలభై పక్క ఖర్చు. జీఎస్‌టీ కట్టాక పది లక్షల్లో ఇరవై రెండు వేలు మిగిలాయి. మొదటి నెల మెటీరియల్ అప్పు మీద తెచ్చుకున్నాను.

కరెంటు లోడు పెంచడానికి అప్లికేషన్ పెట్టి వారాల పాటు తిరిగే పని మాత్రం ముందే మొదలుపెట్టాల్సింది. లేత్ మోటార్ ఒక్కటే 10 హెచ్‌పీ, షెడ్డు కనెక్షన్ మొత్తం కలిపి అంతే. మెషీన్ వచ్చి షెడ్డులో కూర్చుంది, అద్దె నడుస్తోంది, లోడు రాలేదు. చిన్న మోటార్లతో మిల్లింగ్ ఒక్కటే తిప్పుకుంటూ నెట్టుకొచ్చాను.

మొదటి బ్యాచ్ ఇరవై నాలుగు బుష్‌లు, 304. ఐడీ (లోపలి రంధ్రం కొలత) మీద హెచ్7 టాలరెన్స్, అంటే తేడా మైక్రాన్లలోనే ఉండాలి. రెండు పోయాయి, రెండూ నా తొందరవే. ఇప్పుడు నెలకు పది పన్నెండు పార్టీల జాబులు నడుస్తున్నాయి. వంచి సరిచేసిన ఫీడ్ షాఫ్ట్ ఇంకా అదే. ఆటో ఫీడ్ వేస్తే చుట్టుకొకసారి టిక్‌మంటుంది. కొత్తగా వచ్చిన కస్టమర్లు ఆ శబ్దం విని మెషీన్ వంక అనుమానంగా చూస్తారు. నేను కోసిన ముక్క ఒకటి చేతిలో పెట్టి, మైక్రోమీటర్ పక్కన పెడతాను.